యోగా ఎందుకు మొదలెట్టారో కాదు, ఎందుకు మానలేదో చెప్పండి

నాగావళి_గట్టు (శ్రీకాకుళం) · సెప్టెంబరు 14, ఉదయం 6:20

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. నడుంనొప్పి, కాస్త బీపీ, రాత్రి రెండింటికి మెలకువ. యోగా మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ మానేశాను. మొదటిసారి 40 రోజులు, రెండోసారి 19. మూడోసారి సిగ్గేసి లెక్కపెట్టలేదు.

ప్రతిసారీ ఒకటే కథ. నొప్పి రాగానే చాప దులుపుతాను, తగ్గగానే చుట్టి బీరువా వెనక పెడతాను. యోగా వల్ల లాభాలన్నీ నాకు కంఠతా వచ్చు. లాభాలు తెలిసినంత మాత్రాన సరిపోతే ఈపాటికి నేను యోగిని అయిపోవాలి.

అందుకని నా ప్రశ్న వేరు. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు చెప్పండి. మొదలుపెట్టడానికి కారణం కాదు, మానకపోవడానికి కారణం. చలికాలం పొద్దున్నే దుప్పటి తీసి లేచేది దేనికోసం? సొంత సంగతులే రాయండి. వాట్సాప్‌లో వచ్చినవి వద్దు, అవి మా బావమరిది రోజూ పంపుతాడు.

కోటవీధి_అప్ప (విజయనగరం) · ఉదయం 7:05

తమ్ముడూ, నాది తొమ్మిదేళ్లు. నిజం చెప్తే నవ్వకూడదు. నేను మానకపోవడానికి కారణం తలుపు.

మా ఇంట్లో ఏడుగురం. అత్తగారు, మావారు, ఇద్దరు కొడుకులు, కోడలు, మనవడు, నేను. పొద్దున్న పాల ప్యాకెట్టు నుంచి రాత్రి గేటు తాళం దాకా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. థైరాయిడ్ ఉందని డాక్టరుగారు వ్యాయామం చెయ్యమన్నారు, సరే అని మొదలుపెట్టాను. మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను, అది వేరే సంగతి. కానీ నాలుగున్నరకి మేడమీద గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటే ఐదుంబావు దాకా ఎవరూ పిలవరు. "అమ్మ యోగాలో ఉంది" అంటారు. అదే నేను "కాసేపు ఊరికే కూర్చుంటాను" అని తలుపేసుకున్నాననుకోండి, ఇల్లంతా కంగారు. ఏటైంది, ఒంట్లో బాలేదా, ఎవరేమన్నారు అని.

ఊరికే కూర్చోడానికి ఆడదానికి ఒక పేరు కావాలి. నాకు ఆ పేరు యోగా.

ఈమధ్య మనవడు కనిపెట్టేశాడు. పర్వతాసనంలో ఉంటే కింద నుంచి అటూ ఇటూ పాకుతాడు, రైలు బ్రిడ్జి అట. గడియ పైకి పెట్టించాలి.

సందేహాలరావు (విజయనగరం) · ఉదయం 8:41

అప్పగారూ, మీరు చెప్పింది గదికి గడియ గొప్పతనం. యోగా గొప్పతనం కాదు.

నేను 11 ఏళ్లుగా పెద్దచెరువు గట్టు వైపు నడుస్తున్నాను. రోజుకి 50 నిమిషాలు. షుగరు అదుపులో ఉంది. చాప అక్కర్లేదు, గురువు అక్కర్లేదు, సంస్కృతం అసలే అక్కర్లేదు. నడకకి ఒక దినం పెట్టి, టీషర్టులు పంచి, స్టేజీ కట్టరు కాబట్టి దానికి గ్లామరు లేదు, అంతే.

కోటవీధి_అప్ప · ఉదయం 8:50

గడియ గొప్పతనమే బాబూ. నేనూ అదే అన్నాను కదా.

భోగాపురం_బస్సు · ఉదయం 9:30

టీషర్టు అంటే గుర్తొచ్చింది. 2025 జూన్ 21 యోగా దినానికి విశాఖలో పెద్ద కార్యక్రమం జరిగింది కదా, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షలమందికి పైగా చేశారు. అందులో నేనూ ఒకణ్ని. అర్ధరాత్రి బస్సెక్కించారు. తెల్లారేసరికి సముద్రం పక్కన వరసలో ఉన్నాం. బాగుంది, కాదనను. అంతమంది ఒక్కసారి ఊపిరి వదిలితే ఆ శబ్దం వేరు.

మర్నాటి నుంచి మళ్లీ మామూలే. ఆ చాప మీద ఇప్పుడు మా ఆవిడ వడియాలు పెడుతోంది. చేసేవాళ్లు చెప్తే వినడానికి వచ్చాను, నా దగ్గర చెప్పడానికేం లేదు.

రిటైర్డ్_మేష్టారు (శ్రీకాకుళం) · ఉదయం 10:12

నాయనా నాగావళీ, మూడుసార్లు మానేశానని సిగ్గుపడుతున్నావు. నీలాంటివాళ్ల సంగతి పతంజలికి ముందే తెలుసు. యోగసూత్రాల మొదటి పాదంలోనే తొమ్మిది అంతరాయాలు చెప్పాడు. మొదటిది వ్యాధి. మధ్యలో అనుమానం, బద్ధకం లాంటివి ఉన్నాయి. చిట్టచివరిది అనవస్థితత్వం, అంటే ఒక మెట్టు ఎక్కాక అక్కడ నిలవలేకపోవడం. నీ 40 రోజులు అదే. ఇంకో సంగతి, 190 పైచిలుకు సూత్రాల్లో ఆసనాల గురించి ఉన్నవి మూడే మూడు. మిగతాదంతా మనసు గొడవ.

నా సంగతి చెప్తాను. నాకు 74. యాభయ్యో ఏట ఉబ్బసం కోసం ప్రాణాయామం మొదలుపెట్టాను. ఇన్‌హేలరు ఇప్పటికీ జేబులో ఉంటుంది, మానమని ఎవడైనా చెప్తే వినకండి. ఇవాళ నేను మానకపోవడానికి కారణం మాత్రం పంచె.

నవ్వకండి. మా నాన్నగారు చివరి ఆరేళ్లూ మంచం పట్టుకుని కూర్చుని పంచె కట్టుకునేవారు. ఒక్కసారి బాత్రూములో పడ్డారు, తుంటి విరిగింది, ఇక లేవలేదు. నేను రోజూ వృక్షాసనం వేస్తాను. కుడికాలు మీద 30 సెకన్లు, ఎడమకాలు మీద 22. ఈ రెండంకెలూ క్యాలెండరు వెనక రాసుకుంటాను. అవి నిలబడి ఉన్నంతకాలం నేనూ నిలబడి పంచె కట్టుకుంటాను.

రావుగారికి: నడక మంచిదే. కానీ నడకలో ఒక కాలు మీద అరక్షణమే ఉంటాం.

సందేహాలరావు · ఉదయం 10:40

మేష్టారూ, మీ మాటకి ఎదురు చెప్పను. కానీ ఒంటికాలు మీద నిలబడటానికి పతంజలి ఎందుకు, వంటింట్లో నిలబడినా అదే కదా.

రిటైర్డ్_మేష్టారు · ఉదయం 10:44

నిలబడు. ఎవరొద్దన్నారు.

సోంపేట_వెల్డర్ · మధ్యాహ్నం 1:15

అన్నా, నేను ఎనిమిదేళ్లు గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేసి వచ్చాను. మా ఊళ్లో సగంమంది కుర్రోళ్లు బయటే ఉంటారు, మీకు తెలిసిందే.

క్యాంపులో రూముకి ఎనిమిదిమంది. రెండంతస్తుల మంచాలు నాలుగు. రెండు మంచాల మధ్య ఖాళీ కొలిస్తే మనిషి వెడల్పు, చెయ్యి చాపితే ఇనుము తగులుతుంది. వెల్డింగ్‌లో మెడ ఒక వైపు వంచి గంటలు గంటలు ఉండాలి, హెల్మెట్ బరువు వేరే. ఎండాకాలం మూడు నెలలు అక్కడ మధ్యాహ్నం బయట పని చేయించకూడదని రూలు. ఆ టైములో అందరూ పడుకునేవారు. నాకు పడుకుంటే ఇల్లు గుర్తొచ్చేది. పాప నెలల పిల్లగా ఉన్నప్పుడు వెళ్లాను మరి.

మా రూములో కేరళ ఆయన ఒకడుండేవాడు, ఫోర్‌మాన్. తిండికి ముందు ఆ మంచాల మధ్యే ఆసనాలు వేసేవాడు. నేనూ పక్కన చేరాను. చేతులు చాపే జాగా లేదు కాబట్టి అన్నీ నిలువుగా వేసేవే. తాడాసనం, వంగి పాదాలు పట్టుకోడం, మెడ తిప్పడం, కూర్చుని ఊపిరి. వాడు ఒక్క మాటే అనేవాడు, వదిలే ఊపిరి పీల్చే ఊపిరికంటే పొడుగ్గా ఉండాలని. నాలుగు లెక్క పీల్చు, ఎనిమిది లెక్క వదులు.

ఇప్పుడు ఇంటికి వచ్చేశాను. పెరడంత జాగా ఉంది. అయినా రెండు మంచాల మధ్య ఉన్నట్టే చేస్తాను, చేతులు చాపడం అలవాటు కాలేదు. ఎందుకు మానలేదంటే ఏం చెప్పను అన్నా. ఆ ఎనిమిదేళ్లలో నాది అని ఉన్నది అదొక్కటే. దాన్ని అక్కడ వదిలి రాబుద్ధి కాలేదు.

కోటవీధి_అప్ప · మధ్యాహ్నం 1:32

బాబూ, పాప ఇప్పుడు ఎంత?

సోంపేట_వెల్డర్ · మధ్యాహ్నం 1:36

తొమ్మిదో ఏడు అప్పా. నాకంటే బాగా వంగుతాది. ఎముకలున్నాయో లేవో అన్నట్టు.

ఫిజియో_విజయనగరం · సాయంత్రం 4:50

వృత్తిరీత్యా రెండు మాటలు చెప్పాలి, తర్వాత నా సొంత సంగతి.

వెల్డర్ గారు చెప్పిన పొడుగు ఊపిరి ఊరికే కాదు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగం పెంచుతుంది, వదిలేటప్పుడు తగ్గిస్తుంది. వదలడం పొడుగైతే శరీరానికి నెమ్మదించమని సంకేతం వెళ్తుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కూర్చుంటే మీకే తెలుస్తుంది. నడుంనొప్పికి కూడా మనవాళ్ల మాటే కాదు, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, చాలాకాలంగా ఉన్న నడుంనొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగా పేరు ఉంది. వ్యాయామం పేరు కూడా ఉంది రావుగారూ, కోపం వద్దు.

కానీ గ్లకోమా ఉన్నవాళ్లు తలకిందులు ఆసనాలు వెయ్యకూడదు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. బీపీ ఎక్కువ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టడం, జోరుగా కపాలభాతి చెయ్యడం డాక్టరుని అడక్కుండా వద్దు. హెర్నియా ఉన్నవాళ్లూ, గర్భిణులూ సొంతంగా ప్రయోగాలు చెయ్యకండి. నొప్పి కాలులోకి జారుతూ తిమ్మిరి పెడుతుంటే ముందు చూపించుకోండి.

ఇక నా సంగతి. పేరు చెప్పను, ఒకచోట క్లాసులో చేరిన రెండో వారమే నాతో శీర్షాసనం వేయించారు. గోడ లేదు, పట్టుకునేవాళ్లు లేరు. మెడ పట్టేసి మూడు వారాలు కాలరు. రోగులకి నేను పెట్టే కాలరు నా మెడకే పెట్టుకుని డ్యూటీకి వెళ్లాను. అందరూ "ఏంటి సార్ మీకే" అనడమే. రెండేళ్లు యోగా మాటెత్తలేదు. మళ్లీ ఎందుకు మొదలుపెట్టానంటే, రోగులకి "రోజూ చెయ్యండి" అని చెప్పి నేను చెయ్యకపోతే గొంతులో ఒక రకమైన అబద్ధం వినిపిస్తుంది. వాళ్లకి వినిపించకపోవచ్చు, నాకు వినిపిస్తుంది. అందుకే 15 నిమిషాలు. శీర్షాసనం జోలికి మాత్రం పోను.

పైడితల్లి_భక్తుడు · సాయంత్రం 6:02

యోగా అంటే ఐదువేల ఏళ్ల నాటిది, సూర్యనమస్కారాలు రోజూ 108 చేస్తే ఏ రోగమూ రాదు. మన అరసవల్లిలో సూర్యదేవుడే ఉన్నాడు. అందరూ చెయ్యాలి.

రిటైర్డ్_మేష్టారు · సాయంత్రం 6:30

నాయనా, అరసవల్లి స్వామికి నేనూ దండం పెడతాను, ఏడాదికి రెండుసార్లు కిరణాలు పాదాల మీద పడేరోజు వరసలో నిలబడతాను. కానీ సూర్యుణ్ని కొలవడం వేరు, ఇవాళ మనం వేసే 12 భంగిమల వరస వేరు. ఆ వరసను ఊరూరా ప్రచారం చేసినవాడు మహారాష్ట్ర వైపు ఔంధ్ సంస్థానం రాజు, 1920లలో. పాతదైతేనే గొప్పదనే లెక్క ఎందుకు? మా అమ్మ వండే ఉలవచారు నిన్నటిదైనా బాగుండేది, ఇవాళ్టిదైనా బాగుండేది.

ఏ రోగమూ రాదనే మాట మాత్రం పిల్లలకి చెప్పకు.

జీడితోట (ఉద్దానం) · రాత్రి 9:47

పై మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను.

మాది పలాస దగ్గర. మా నాన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది కొత్త సంగతి కాదు, వీధికొకరు ఉంటారు. జీవితమంతా తోటల్లో పనిచేశాడు, ఏ దురలవాటూ లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. తీసుకెళ్లేది నేనే. యోగా చేస్తే కిడ్నీ బాగవుతుందని మా ఇంటికొచ్చి చెప్పినవాళ్లున్నారు. ఒకాయన డయాలసిస్ ఆపి చూడమన్నాడు కూడా. ఆరోజు నేను ఆయన్ని గేటు దాకా సాగనంపిన పద్ధతి ఇక్కడ రాయను.

అయినా నేను రోజూ చేస్తాను. నాన్న కోసం కాదు, నా కోసం. ఆ నాలుగు గంటలు బయట బల్ల మీద కూర్చోవాలి. ఫోను చూస్తే తల వాచిపోతుంది. పక్కవాళ్లతో మాట్లాడితే అందరివీ అవే కష్టాలు. మొదటి ఏడాది నాకు కోపం ఎక్కువైంది. ఇంటికొచ్చి నాన్న మీదే అరిచేవాణ్ని, నీళ్లు ఎక్కువ తాగేశావని. దాహమేసిన మనిషి మీద నీళ్ల కోసం అరవడం. ఒకరోజు గ్లాసు లాక్కున్నాను. ఆయన ఏమీ అనలేదు, మూతి తుడుచుకున్నాడు.

ఆ మర్నాడు మొదలుపెట్టాను. పొద్దున్న ఇంట్లో 20 నిమిషాలు, ఆస్పత్రి బల్ల మీద కళ్లు మూసుకుని భ్రామరి. తుమ్మెదలా మూలుగుతుంటే మొదట్లో అందరూ చూసేవారు, ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. కోపం పోయిందని చెప్పను. వచ్చే ముందు తెలుస్తుంది. అంతకుముందు వచ్చాక తెలిసేది.

మానేసిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో నాన్నే అడుగుతాడు, "ఇవాళ మూలగలేదేట్రా" అని.

సోంపేట_వెల్డర్ · రాత్రి 9:58

అన్నా 🙏

సందేహాలరావు · రాత్రి 10:20

జీడితోట గారూ, మీ ముందు నా వాదనలేవీ పెట్టను. నాన్నగారు జాగ్రత్త.

కమాను (విజయనగరం) · సెప్టెంబరు 15, ఉదయం 7:10

నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను, మహారాజా సంగీత కళాశాలలో. ఇక్కడ అందరికంటే చిన్నదాన్నేమో.

మా వాయిద్యం కింద కూర్చుని వాయించాలి. మఠం వేసుకుని, కుడిపాదం కాస్త ముందుకి పెట్టి, ఫిడేలు తల దాని మీద ఆనించాలి. రెండు గంటలు సాధన చేస్తే చీలమండ మొద్దుబారిపోతుంది, లేచేటప్పుడు గోడ పట్టుకోవాలి. దానికోసమే బద్ధకోణాసనం మొదలుపెట్టాను. ఇప్పుడు అది బాగానే ఉంది.

మానకపోవడానికి కారణం కమాను, అంటే తీగల మీద లాగే కర్ర. కచేరీలో మొదటి స్వరం నెమ్మదిగా లాగాలి. అప్పుడు చెయ్యి వణికితే ఆ వణుకు తీగ మీదకి వచ్చేస్తుంది, హాలంతటికీ వినిపిస్తుంది. పాడేవాళ్లకి టెన్షన్ వస్తే గొంతు సవరించుకోవచ్చు, మాకు ఆ సదుపాయం లేదు. ఊపిరి వదలడం మొదలయ్యాక కమాను పెడితే వణకదు. ఇది ఏ పుస్తకంలోనూ చూడలేదు, పొద్దున్న నాడీశుద్ధి (ఒక్కో ముక్కుతో మార్చి మార్చి ఊపిరి తీయడం) చేసి వెంటనే సరళీవరసలు పట్టుకుంటే నాకే తెలిసింది. ఒక వారం మానేస్తే మా గురువుగారు "నిన్న నిద్రపోలేదా" అని అడుగుతారు. ఆవిడకి యోగా సంగతి తెలీదు, కమాను సంగతి తెలుసు.

రిటైర్డ్_మేష్టారు · ఉదయం 7:45

అమ్మాయ్, ఊపిరి సంగతి ఈ ఊళ్లకి కొత్తేం కాదు. గుండెలమీద ఏనుగునెక్కించుకున్న కోడి రామ్మూర్తినాయుడుగారు వీరఘట్టంలో పుట్టి, మీ విజయనగరంలో వ్యాయామం నేర్పినవాడే. ఆయన బలం కండల్లో కంటే ప్రాణాయామంలో ఉందని మా చిన్నప్పుడు పెద్దవాళ్లు కథలు కథలుగా చెప్పుకునేవారు. మా ఊళ్లో స్టేడియానికి ఆయన పేరే. నువ్వు కమాను ఎక్కించుకుంటున్నావు, ఏనుగుకంటే అదే కష్టంలా ఉంది.

సందేహాలరావు · సెప్టెంబరు 17, సాయంత్రం 5:30

ఒప్పుకోలు. నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటింట్లో ఒంటికాలు మీద నిలబడ్డాను. స్టౌ గట్టు పట్టుకోకుండా ఆరు సెకన్లు. తర్వాత శవాసనం కూడా వేశాను. గంటన్నర నిద్రపోయాను. మా ఆవిడ వచ్చి లేపి, నేల మీద పడ్డానేమో అనుకుని ఏడ్చింది. నడక మానను. ఇది కూడా చేస్తానని మాట ఇవ్వను.

నిర్వాహకులు · సెప్టెంబరు 17, రాత్రి 8:00

మధ్యలో వచ్చిన కాళ్లనొప్పుల నూనె ప్రకటనలు రెండు తీసేశాం. చర్చ కొనసాగించండి.

నాగావళి_గట్టు · అక్టోబరు 19, ఉదయం 6:55

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించాలి. రాస్తే మళ్లీ మానేస్తానేమోనని భయం.

అందరివీ రెండేసిసార్లు చదివాను. లాభాల జాబితాలో ఎక్కడా లేనివే మీరంతా చెప్పారు. గడియ, పంచె, మంచాల సందు, కమాను. నాకూ అలాంటిదేదైనా ఉందా అని వెతికాను. నడుంనొప్పిని పక్కనపెడితే ఏమీ కనిపించలేదు. అయినా కారణం దొరికాక చేద్దామని ఆగలేదు, మేడమీద చాప వేశాను. పావుగంటే. 26 రోజులు చేశాను, సిరిమాను పండక్కి అత్తారింటికి విజయనగరం వెళ్లి నాలుగురోజులు మానేశాను. ఇంతకుముందైతే ఆ నాలుగురోజులతో చాప బీరువా వెనక్కి పోయేది. ఈసారి ఊరినుంచి వచ్చిన మర్నాడే పరిచాను.

ఒక్క సంగతి చెప్పాలి. మా మేడమీద నుంచి నాగావళి కనిపిస్తుంది. ఈ ఇంట్లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. నీళ్లు తగ్గినప్పుడు ఇసక మేట మీదకి పొద్దున్నే తెల్లకొంగలు వస్తాయని నాకు ఇప్పుడే తెలిసింది. నిన్న 14 ఉన్నాయి. ఇవాళ లెక్కపెట్టేలోపు మూడు లేచిపోయాయి. రాత్రి రెండింటికి మెలకువ ఇంకా వస్తోంది, కానీ ఈమధ్య రేపు ఎన్ని వస్తాయో అనుకుంటూ పడుకుంటున్నాను. ఇది యోగా కిందికి వస్తుందో రాదో మేష్టారే చెప్పాలి.

అన్నట్టు మేష్టారూ, వృక్షాసనం ఎడమకాలు మీద 9 సెకన్లే ఉండగలుగుతున్నాను. ఫర్వాలేదా?

రిటైర్డ్_మేష్టారు · ఉదయం 7:20

కుడికాలి లెక్క రాయలేదు.